బోర్డు మీద బహుభాషలు.. టైమ్‌టేబుల్‌లో తెలుగు ఏదీ? ఇంటర్నేషనల్ స్కూల్ అడ్మిషన్‌లో అసలు చిక్కు ఇదే!

2025 జులై 10. శ్రీసత్యసాయి జిల్లా కొత్తచెరువు జడ్పీ హైస్కూల్. మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ కోసం సీఎం చంద్రబాబు, విద్యాశాఖ మంత్రి నారా లోకేష్ ఇద్దరూ ఇక్కడికే వచ్చారు. సీఎం స్వయంగా క్లాసులో పాఠం చెప్పారు. ఆ రోజు కెమెరాలన్నీ సర్కారు బడి మీదే. కానీ ఈ కరువు సీమలో నాలుగు డబ్బులు వెనకేసుకున్న ఇళ్లలో నడిచే చర్చ వేరు. పిల్లాడిని ఇంటర్నేషనల్ స్కూల్లో వేద్దామా అని.

ఈ ఆశ ఊరికే పుట్టలేదు. సర్కారు బడికే ఇంటర్నేషనల్ చదువు తెస్తామని ప్రభుత్వమే చెప్పింది. 2024 జనవరి 31న అప్పటి వైసీపీ ప్రభుత్వం ఐబీ సంస్థతో ఒప్పందం చేసుకుంది. 2025 జూన్‌లో ఒకటో తరగతితో మొదలవుతుందన్నారు. ఈలోపు ప్రభుత్వం మారింది, ఆ మాట అక్కడే ఆగింది. టోఫెల్ శిక్షణా పోయింది. వెయ్యి సర్కారు బడుల్లో సీబీఎస్‌ఈ చదువుతున్న టెన్త్ పిల్లల్ని తిరిగి స్టేట్ బోర్డుకు మార్చారు. ఏ నిర్ణయం సరైందన్నది పార్టీల గొడవ. మధ్యలో సిలబస్ మారింది మాత్రం పిల్లలకే.

ఇంతకీ ఈ స్కూళ్లు చెప్పే 'మల్టీలింగ్వల్' అంటే ఏంటి? ఐబీ ప్రైమరీ ప్రోగ్రామ్‌లో పిల్లలకు ఏడేళ్లు వచ్చేసరికైనా అదనంగా మరో భాష నేర్పాలి. అది ఏ భాష అన్నది స్కూల్ ఇష్టం. హిందీ కావచ్చు, ఫ్రెంచ్ కావచ్చు. తెలుగే కావాలని ఐబీ రూల్ ఏమీ లేదు.

మరి ఊరు మారితే? ఇక్కడే లెక్క తిరగబడుతుంది. కొత్తచెరువుకు హైదరాబాద్ కంటే బెంగళూరే దగ్గర. చాలామంది చూపు అటే. కర్ణాటకలో 2015 చట్టం ప్రకారం స్కూళ్లలో కన్నడ నేర్పాల్సిందే. ఇంగ్లిష్, కన్నడ, ఆపై హిందీయో ఫ్రెంచో.. ఇక తెలుగుకు పీరియడ్ ఎక్కడ మిగులుతుంది? హైదరాబాద్‌లో పరిస్థితి వేరు. తెలంగాణ 2018లో చేసిన చట్టంతో ఏ బోర్డు స్కూలైనా పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి. ఒకే పిల్లాడు, ఒకే రకం స్కూలు. సరిహద్దు మారితే అమ్మభాష ఉండొచ్చు, ఊడిపోవచ్చు.

నిజానికి ఈ ప్రాంతం పిల్లలకు రెండు మూడు భాషలు కొత్తేం కాదు. ఇంట్లో తెలుగు, పక్కింట్లో ఉర్దూ, సరిహద్దు దాటితే కన్నడ. పక్కనే ఉన్న పుట్టపర్తి బజార్లో విదేశీ భక్తుల మాటలు సరేసరి. వాళ్లకు లేనిది ఏ భాషలోనైనా చదివి, రాసే పట్టు. లక్షల ఫీజు కట్టేవాళ్లు స్కూల్ బిల్డింగ్ చూసి రావడం కాదు, క్లాస్ టైమ్‌టేబుల్ చూపించమని అడగాలి.

పేదింటి పిల్లల సంగతేంటి? విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు స్కూళ్లలో ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు ఉచితం. ఏపీలో ఐబీ స్కూళ్లకూ ఇది వర్తిస్తుంది. కాకపోతే ఇంటికి దగ్గర్లో ఉన్న బడికే ఈ సీటు. మహానగరాల్లోని క్యాంపస్‌లకు కొత్తచెరువు నుంచి ఈ దారి లేదు.

ఇక అడ్మిషన్ కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పని విషయం.. స్థానికత. ఇంజినీరింగ్, మెడికల్ సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లకే. ఉమ్మడి అనంతపురం జిల్లా ఎస్వీయూ రీజియన్ కిందకు వస్తుంది. ఇంటర్ రెండో ఏడాదితో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నదే ముందు చూస్తారు. అంటే తొమ్మిదో తరగతి నుంచి బెంగళూరులోనో, హైదరాబాద్‌లోనో ఉన్న పిల్లాడికి సొంత జిల్లాలోనే లోకల్ హక్కు చిక్కుల్లో పడొచ్చు. తల్లిదండ్రులు పదేళ్లు ఏపీలో ఉన్నారని చూపిస్తే మిగిలిన 15 శాతంలో అవకాశం ఉంటుంది, కానీ అక్కడ పోటీ ఎక్కువ. విదేశాల్లో డిగ్రీకి పంపాలనుకునే వాళ్లకు దీంతో పనిలేదు. తిరుపతిలోనో, అనంతపురంలోనో సీటు ఆశించే వాళ్లు మాత్రం ఎనిమిదో తరగతి అయ్యేలోపే తేల్చుకోవాలి.