పత్తి పాలెంత, పాలిస్టర్ పాలెంత?

సూరత్ నుంచి బార్డోలీ వెళ్లే దారి ముంబై–అహ్మదాబాద్ హైవేని దాటే చోట ఉంటుంది కడోదరా. నేత షెడ్లు, అద్దకం మిల్లులు పక్కపక్కనే నడిచే పారిశ్రామిక వాడ అది. సూరత్ చుట్టుపక్కల మగ్గాల మీద కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలు తరాలుగా బతుకుతున్నాయి. నగర పాలక సంస్థ బడుల్లో తెలుగు మీడియం నడిపేంతగా మనవాళ్లు అక్కడ స్థిరపడ్డారు. వాళ్ల సాంచెలు ఆడాలా, ఆగాలా అన్నది నూలు ధరతోనో కరెంటు బిల్లుతోనో తేలిపోయేది కాదు. రేవులో దిగిన విదేశీ బట్టకు ఏ కస్టమ్స్ కోడ్ పడిందన్నది కూడా అందులో భాగమే.

పత్తి, పాలిస్టర్ కలిసిన నేత బట్టకు టారిఫ్ పుస్తకంలో ఒకే చోటు లేదు. బరువులో ఏ నార ఎక్కువుంటే బట్ట ఆ నార కిందికి వెళ్తుంది. పత్తి ఎక్కువైనా 85 శాతానికి లోపే ఉంటే 52వ అధ్యాయంలోని 5210, 5211. పాలిస్టర్ స్టేపుల్ (పొట్టి పోగుల) నార ఎక్కువై, అదీ 85 శాతం లోపే ఉంటే 55వ అధ్యాయంలోని 5513, 5514. ఆ తర్వాత బట్ట బరువు చూస్తారు. పత్తి వైపు చదరపు మీటరుకు 200 గ్రాముల దగ్గర, పాలిస్టర్ వైపు 170 గ్రాముల దగ్గర కోడ్ మారుతుంది. రెండు నారలూ సరిసమానమైతే వరసలో చివర వచ్చే శీర్షికకే, అంటే పాలిస్టర్ వైపుకే పోవాలి. బడి యూనిఫాంలకు ఎక్కువగా వాడే 67:33 మిశ్రమంతో పేచీ లేదు. పేచీ అంతా సగానికి కాస్త అటూ ఇటూగా ఉన్న బట్టతోనే.

నార పాళ్లు తేల్చడానికి ల్యాబులో నమూనాను 75 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో వేస్తారు. పత్తి కరిగిపోతుంది, పాలిస్టర్ మిగులుతుంది. దాన్ని కడిగి, ఆరబెట్టి తూస్తారు. అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. పత్తి గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి వ్యాపార లెక్కలో దాని పొడి బరువుకు 8.5 శాతం తేమ కలుపుతారు. పాలిస్టర్‌కు కలిపేది 0.4 శాతమే. పొడి లెక్కలో పాలిస్టర్ 51, పత్తి 49 పాళ్లున్న బట్టను తేమ కలిపి చూస్తే పత్తి దాదాపు 51, పాలిస్టర్ 49 అవుతుంది. గుడ్డ అదే, అధ్యాయం మారిపోయింది! ఏ లెక్క కట్టారో రాయని రిపోర్టును పట్టుకుని సుంకం వేస్తే తెచ్చినవారికీ అన్యాయమే, ఇక్కడ నేసేవారికీ అన్యాయమే.

సూరత్‌లో ఎక్కువగా నేసేది ఫిలమెంట్ (తెగని పొడవాటి పోగుల) నూలు. దాని బట్టలు 54వ అధ్యాయంలోకి వస్తాయి. పత్తితో పోల్చేటప్పుడు 54, 55 అధ్యాయాలను కలిపి ఒక్కటిగా లెక్కించాలన్నది నిబంధన. ఒక బట్టలో పత్తి 40, పాలిస్టర్ స్టేపుల్ 35, పాలిస్టర్ ఫిలమెంట్ 25 శాతం ఉన్నాయనుకుందాం. విడివిడిగా చూస్తే పత్తే పెద్దది. అయినా రెండు పాలిస్టర్లూ కలిస్తే 60, వాటిలో స్టేపుల్ ఎక్కువ కాబట్టి బట్ట 55వ అధ్యాయానికే చెందుతుంది.

2011 నుంచి కోడ్ వేసి సుంకం లెక్కగట్టుకునే బాధ్యత దిగుమతిదారుదే. ఈ మెలికలు తెలియని చిన్న వ్యాపారి పొరపాటు చేసి జరిమానా కడతాడు. తెలిసినవాడికి ఇవే సందులు. ఎందుకంటే కొన్ని కోడ్లకు సుంకం విలువ మీద శాతం మాత్రమే. మరికొన్నిటికి శాతమో, కిలోకి లేదా చదరపు మీటరుకు ఇన్ని రూపాయలో, ఏది ఎక్కువైతే అది. ఇన్‌వాయిస్‌లో ధర తగ్గించి చూపిస్తే శాతం సుంకం దానితోపాటే పడిపోతుంది. రూపాయల సుంకం మాత్రం కదలదు. అందుకే సరుకును శాతం ఒక్కటే ఉన్న కోడ్‌లోకి నెట్టాలన్న ఆశ పుడుతుంది.

నిట్టెడ్ బట్టల విషయంలో ప్రభుత్వం దీన్ని గుర్తించింది. 2024 మార్చిలో ఐదు కోడ్ల సింథటిక్ నిట్టెడ్ బట్టకు కిలోకి 3.5 డాలర్ల కనీస దిగుమతి ధర పెట్టింది. 2025 ఫిబ్రవరి 1 నాటి బడ్జెట్‌లో తొమ్మిది టారిఫ్ లైన్లకు సుంకాన్ని 20 శాతం లేదా కిలోకి 115 రూపాయలు, ఏది ఎక్కువైతే అదిగా మార్చింది. మంచి పనే. అదే బడ్జెట్ రేపియర్, ఎయిర్‌జెట్ మగ్గాల్లో మరో రెండు రకాల మీద 7.5 శాతం కస్టమ్స్ సుంకాన్ని ఎత్తేసింది. అప్పు చేసి కొత్త మగ్గం దింపుకున్న ఆసామికి, ఆ మగ్గం మీద నేసే బట్టకు కూడా నిట్టెడ్ బట్టకు దొరికిన పాటి రక్షణ దొరకాలి. ఇది కడోదరాకే కాదు, పాలిస్టర్ మీద, యూనిఫాం బట్ట ఆర్డర్ల మీద బతికే సిరిసిల్లకూ అవసరం.

విదేశీ బట్ట ఖరీదైతే దుస్తులు కుట్టే పరిశ్రమ దెబ్బతింటుందన్న వాదన ఉంది. కొట్టిపారేయదగినది కాదు. అయితే ఎగుమతి కోసం కుట్టేవారు అడ్వాన్స్ ఆథరైజేషన్ కింద సుంకం లేకుండానే బట్ట తెచ్చుకోవచ్చు. కోడ్ మీద ముందే స్పష్టత కావాలంటే ఢిల్లీ, ముంబైలలో 2021 నుంచి కస్టమ్స్ అడ్వాన్స్ రూలింగ్ అథారిటీలు పనిచేస్తున్నాయి. నిజాయితీగా తెచ్చుకునేవారికి దారులు ఉన్నాయి.

వచ్చే బడ్జెట్‌లో 5210, 5211, 5513, 5514 శీర్షికలను ఒక్కచోట పెట్టి చూసి, అన్నిటికీ కిలో లెక్కన ఒకే కనీస సుంకం పెట్టాలి. అప్పుడు సగానికి అటూ ఇటూ ఉన్న బట్టను పక్క కోడ్‌లోకి జరిపినా మిగిలేదేమీ ఉండదు. సింథటిక్ బట్టల పరిశోధనకు సూరత్‌లోనే మంత్ర అనే సంస్థ ఉంది. రేవు నమూనాల్లో కొన్నిటిని అలాంటి చోట రెండోసారి పరీక్షించి, నార పాళ్లు, చదరపు మీటరు బరువు, కట్టిన తేమ లెక్క, ఖాయం చేసిన కోడ్ నెలనెలా బయటపెట్టాలి. దిగుమతిదారు పేరు అక్కర్లేదు, ఈ నాలుగు వివరాలు చాలు.