పులికి పైసలు వద్దనకండి, లెక్క అడగండి



మన గ్రూపుల్లో ఒక మాట బాగా తిరుగుతోంది. "మా గూడేనికి రోడ్డు లేదు, పులికి మాత్రం కోట్లా? టైగర్ రిజర్వులకు ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు." ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. పోడు పట్టా కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులు అరగదీసుకున్నోళ్లం మనం. పులి పేరు చెప్పి ఊరు ఖాళీ చేయమంటే భయపడ్డోళ్లం మనం. అయినా ఆ నినాదానికి నేను ఒప్పుకోను. అడవికి, అడవి జంతువులకు సర్కారు సొమ్ము ఇంకా ఎక్కువ రావాలని గట్టిగా అడగాల్సింది మనమే. కాకపోతే ఆ సొమ్ము ఎవరి చేతుల మీదుగా ఖర్చు కావాలో కూడా మనమే చెప్పాలి.

ముందు కాగజ్‌నగర్ సంగతి చూడండి. తడోబా నుంచి పులులు ప్రాణహిత దాటి మన ఆసిఫాబాద్ జిల్లాలోకి వస్తున్నాయి. 2024 జనవరిలో దరిగాం అడవిలో రెండు పులులు చనిపోయాయి. పులి చంపిన పశువు కళేబరానికి ఎవరో విషం పెట్టారు. అదే ఏడాది నవంబరులో కాగజ్‌నగర్ మండలంలో చేనులో పత్తి ఏరుతున్న ఒక యువతి పులి దాడిలో ప్రాణం పోగొట్టుకుంది. ఒకే ఏడాదిలో, ఒకే ప్రాంతంలో అటు పులీ పోయింది, ఇటు మనిషీ పోయింది.

ఈ రెండూ జరగకుండా ఆపాలంటే ఏం కావాలి? పులి ఎటు తిరుగుతోందో రోజూ చూసి ఊరికి కబురు చెప్పే మనుషులు కావాలి. పశువు పోయిన ఇంటికి వారం తిరగకముందే పరిహారం అందాలి. ఎండాకాలంలో అడవి లోపల నీటి గుంటలు ఎండిపోకుండా చూడాలి. నిప్పు అంటుకుంటే ఆర్పడానికి మంది ఉండాలి. ఇవన్నీ పైసలతో అయ్యే పనులే. పైసలు ఆగిపోతే ముందు నష్టపోయేది హైదరాబాదులో ఉన్నోళ్లు కాదు. పశువులను మేపేది మనం, తునికాకుకు పోయేది మనం, రాత్రి చేను కావలి ఉండేది మనం.

సర్కారు ఖజానా నుంచి సొమ్ము రాకపోతే అడవి ఎట్లా నడుస్తుంది? ఒక దారి కంపా నిధి. గని కోసమో, ప్రాజెక్టు కోసమో అడవి భూమిని ఇచ్చినప్పుడు, తీసుకున్నోళ్లు కట్టే సొమ్ము అది. 2016లో దానికి చట్టం చేశారు. 2019లో కేంద్రం ఒక్కసారే 47 వేల కోట్ల రూపాయలకు పైగా రాష్ట్రాలకు పంపింది. బాగా ఆలోచించండి. ఆ నిధి నిండాలంటే ఎక్కడో ఒకచోట అడవి పోవాలి. ఒక అడవిని తవ్విన సొమ్ముతో ఇంకో అడవిని కాపాడుతున్నాం అంటే, అది ఇంటి దూలం కోసి పొయ్యిలో పెట్టుకున్నట్టే.

రెండో దారి సఫారీ టికెట్లు, రిసార్టులు. టూరిస్టులు వస్తేనే అడవి బతుకుతుంది అంటే, అడవిలో ఎవరు ఉండాలో టూరిస్టు ఇష్టమే తేలుస్తుంది. ఆయనకు జీపు నుంచి పులి కనిపించాలి, మన ఎడ్లబండి కనిపించకూడదు. అందుకే అంటున్నా, బడి లాగా, దవాఖాన లాగా అడవికి కూడా ఏటా బడ్జెట్‌లో సొంత వాటా ఉండాలి.

"పైసలు పెరిగితే ఫారెస్టోళ్ల బలం పెరుగుతుంది, రేపు మనల్నే వెళ్లగొడతారు" అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పులుల రిజర్వు కోర్ ప్రాంతం నుంచి బయటికి పోయే కుటుంబానికి ఇచ్చే ప్యాకేజీని 2021లో 10 లక్షల నుంచి 15 లక్షలకు పెంచారు. వెళ్లిపోవడానికి 15 లక్షలు ఉన్నాయి. మరి అక్కడే ఉండి అడవిని కాపాడే కుటుంబానికి ఎంత ఉంది? మన పోరాటం ఈ ప్రశ్న మీద జరగాలి. 2025లో కుమ్రం భీం పేరు పెట్టి పులుల కారిడార్ కోసం జీవో 49 తెచ్చారు. గ్రామసభలను అడగలేదని మనం రోడ్డెక్కినం, దాన్ని నిలుపుదల చేశారు. మనం వద్దన్నది పులిని కాదు, మనల్ని అడగకపోవడాన్ని.

చట్టం మన వైపే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక అటవీ వనరులను కాపాడే హక్కు మనకు ఇచ్చింది. అడవిని, వన్యప్రాణులను రక్షించే అధికారం గ్రామసభకు ఇచ్చింది. అదే ఏడాది వన్యప్రాణి సంరక్షణ చట్టానికి చేసిన సవరణలో, పులుల సంరక్షణ ప్రణాళిక రాసేటప్పుడు అక్కడ బతికే జనం సాగు, జీవనోపాధి ప్రయోజనాలు చూడాలని ఉంది. కానీ సొమ్ము దగ్గరికి వచ్చేసరికి మెలిక పెట్టారు. 2018 కంపా నిబంధనల్లో గ్రామసభను సంప్రదించాలన్నారు గానీ, దాని సమ్మతి తప్పనిసరి అనలేదు. పైగా గ్రామసభ లేదంటే గ్రామ అటవీ కమిటీ చాలన్నారు. మార్చాల్సింది ఆ మాటలను.

ఇది అయ్యే పనేనా అంటే, కర్ణాటకలో సోలిగలను చూడండి. బిలిగిరి రంగన కొండలను 2011లో టైగర్ రిజర్వు చేశారు. అదే ఏడాది సోలిగలు తమ సామూహిక హక్కులు సాధించుకున్నారు. వాళ్లు అడవిలోనే ఉన్నారు, పులులూ ఉన్నాయి. మన నల్లమల సంగతి మీకు తెలిసిందే. అమ్రాబాద్‌లో యురేనియం తవ్వుతామంటే 2019లో చెంచులు, పర్యావరణం కోసం పనిచేసేవాళ్లు ఒక్కటై నిలబడ్డారు. ఆ సెప్టెంబరులో అసెంబ్లీ యురేనియం వద్దని తీర్మానం చేసింది. పులిని ప్రేమించేవాడు మనకు శత్రువే అనుకుంటే ఆ గెలుపు వచ్చేదా?

కాబట్టి మన డిమాండ్లు ఇవి. రిజర్వులకు బడ్జెట్ పెంచాలి, అందులో వాటా నేరుగా గ్రామసభల అటవీ కమిటీల ఖాతాల్లో పడాలి. బేస్ క్యాంపుల్లో, పులుల జాడ తీసే పనిలో దినకూలీగా తిరుగుతున్న చెంచు, కొలాం, గోండు యువతకు పక్కా ఉద్యోగం, బీమా, నెలనెలా జీతం ఇవ్వాలి. పశువు, పంట, ప్రాణం పోతే పరిహారానికి గడువు పెట్టాలి. హక్కుల క్లెయిమ్‌లు తేల్చకుండా ఒక్క ఊరినీ కదిలించకూడదు.

మీరు చేయాల్సిన పని కూడా ఉంది. డిగ్రీ చదువుకున్నోళ్లు ఒక్క సమాచార హక్కు దరఖాస్తు రాయండి. మీ డివిజన్‌కు ఈ ఏడాది ఎంత మంజూరైంది, ఎంత వచ్చింది, దేనికి ఖర్చు పెట్టారు అని అడగండి. మీ ఊరి వాచర్‌ను పిలిచి జీతం ఎప్పుడు పడిందో అడగండి. వచ్చిన జవాబు గ్రామసభలో గోండిలో, కొలామీలో, మీ భాషలో చదివి వినిపించండి. పెద్దలతో మాట్లాడి పై డిమాండ్ల మీద తీర్మానం రాయించండి, సంతకాలు పెట్టించండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి.

అడవి మనది అంటున్నాం కదా. మరి దాని ఖర్చుల పుస్తకం కూడా మన చేతిలో ఉండాలి.

జై సేవా! జల్, జంగల్, జమీన్!