రంధ్రం చిన్నదే, నిర్ణయం చిన్నది కాదు



కబడ్డీలో చెయ్యి పట్టి లాగినప్పుడో, మోటారు సైకిలు మీద నుంచి పడినప్పుడో భుజం జారుతుంది. ఎవరో ఎక్కిస్తారు, కట్టు కడతారు. నొప్పి తగ్గగానే ఇంటివారు నయమైందనుకుంటారు. కొన్ని నెలలకు చొక్కా తొడుక్కుంటుండగా మళ్లీ జారుతుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో భుజం ఎక్కించుకోవడమే అలవాటైన యువకులకు, వారి తల్లిదండ్రులకు ఈ నాలుగు మాటలు.

భుజం కీలు మూకుడులో పెట్టిన బంతి వంటిది. మూకుడుకు లోతు తక్కువ. చుట్టూ ఉన్న లాబ్రం అనే మెత్తని అంచు బంతిని ఆపుతుంది. భుజం ముందుకు జారినప్పుడు ఈ అంచు ఎముక నుంచి ఊడుతుంది. లండన్ వైద్యుడు బ్యాంకార్ట్ 1923లోనే ఈ గాయాన్ని వివరించారు. కట్టు కట్టినా ఈ అంచు తరచు సరైన చోట అతుక్కోదు. అందుకే 20 ఏళ్ల లోపు జారినవారిలో సగానికి పైగా మందికి మళ్లీ జారుతుంది.

కీహోల్ పద్ధతిలో రెండు మూడు చిన్న రంధ్రాలు చేసి, కెమెరాతో చూస్తూ, చిన్న యాంకర్లతో ఆ అంచును తిరిగి కుట్టేస్తారు. పెద్ద కోత ఉండదు, నొప్పి తక్కువ. అయితే జారిన ప్రతిసారీ ఎముక అంచు కొంత అరిగిపోవచ్చు. బాగా అరిగితే కుట్టు చాలదు. పక్క ఎముక ముక్కను తెచ్చి బిగించే లాటర్జే ఆపరేషన్ కావాలి. దానికి సాధారణంగా కోత తప్పదు. అంటే ఆలస్యం చేసేకొద్దీ చిన్న ఆపరేషన్ అవకాశం చేజారుతుంది.

అలాగని అందరికీ ఆపరేషన్ అక్కరలేదు. మూర్ఛలు ఉన్నవారికి ముందు వాటిని అదుపు చేయాలి. పుట్టుకతో కీళ్లు వదులుగా ఉన్నవారికి ముందు వ్యాయామమే మందు. 40 దాటినవారిలో కండరం తెగిందేమో చూడాలి.

ధర్మవరం మగ్గం ముందు కూర్చునేవారు "ఈ పెళ్లిళ్ల సీజను పోనీ" అంటారు. వారి బాధ నిజమైనదే. ఆపరేషన్ తరువాత కొన్ని వారాలు చెయ్యి పట్టీలోనే ఉంటుంది. బరువు పనికి, కబడ్డీకి దాదాపు ఆరు నెలలు ఆగాలి. ఫిజియోథెరపీ మానేస్తే పెట్టిన డబ్బు వృథా. కాబట్టి ఇంట్లో అందరూ కూర్చుని, ఎన్ని నెలల కూలి పోతుందో లెక్కవేసుకుని, పని తక్కువ ఉన్న నెలలు చూసుకోండి. కాని ఎముక డాక్టరు పరీక్షను మాత్రం వాయిదా వేయకండి.

రెండోసారి జారిందా? మూడోసారి దాకా ఆగవద్దు.