భాషాశాస్త్ర విద్య: ఆదాయము, అప్పు

కొల్లేటి ప్రాంతమున చేపల చెరువును కౌలుకు తీసికొనువాడు మొదట రెండు లెక్కలు వేయును. కౌలు, పిల్ల, మేత కలిసి పెట్టుబడి ఎంత? పట్టుబడి ఎన్ని నెలలకు వచ్చును? రొయ్య నాలుగు నెలలలో చేతికి వచ్చును. బొచ్చె, శీలావతి ఎదుగుటకు ఇంచుమించు ఏడాది కావలెను. ఏడాది పంటకై నాలుగు నెలల గడువుతో అప్పు తెచ్చువానిని అచ్చట ఎవ్వరును తెలివిగలవాడనరు. అదే యింట బిడ్డ చదువునకై అప్పు చేయునపుడు మాత్రము ఈ రెండవ లెక్క తరచుగా మరుగున పడుచున్నది. భాషాశాస్త్రము వంటి విద్యల విషయమున ఈ మరపు మిక్కిలి ప్రమాదకరము.

భాషాశాస్త్రమనగా పెక్కు భాషలు నేర్చుట కాదు. ధ్వని, పదము, వాక్యము, అర్థము ఏ నియమములను బట్టి నడచుచున్నవో పరిశీలించు శాస్త్రమది. తెలుగునాట దీనికి గట్టి పునాదియే కలదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1962లో భాషాశాస్త్ర శాఖ ఏర్పడినది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి దానికి తొలి అధిపతి. హైదరాబాదు విశ్వవిద్యాలయమునందును, ఆంధ్ర విశ్వవిద్యాలయమునందును ఈ బోధన సాగుచున్నది. ఏలూరున 1945లో నెలకొన్న సర్ సి.ఆర్. రెడ్డి కళాశాల కలదు. తాడేపల్లిగూడెమున 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వెలసినది. అయినను భాషాశాస్త్రమున ఎం.ఏ. చదువగోరు ఈ ప్రాంతపు విద్యార్థి సాధారణముగా విశాఖకో, హైదరాబాదుకో పోవలసినదే. ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో రుసుము స్వల్పమే గనుక, ఖర్చులో పెద్ద భాగము వసతికి, భోజనమునకు అగును.

ఇక రాబడి మాట. ఈ పట్టముతో ముందుకు పోవు దారులు ముఖ్యముగా మూడు. మొదటిది పరిశోధన. జాతీయ అర్హతా పరీక్షలో ఫెలోషిప్పు పొందినవారికి 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయలు, తరువాతి దశలో 42,000 రూపాయలు లభించుచున్నవి. అది పొందక కేంద్ర విశ్వవిద్యాలయమున పిహెచ్.డి. చేయువారికి వచ్చునది నెలకు 8,000 రూపాయలే. ఆ పిమ్మట సహాయాచార్య పదవి దొరకినచో మూలవేతనము 57,700 రూపాయలతో ఆరంభమగును. దొరకినచో అన్న మాట ఇచ్చట బరువైనది. ఎం.ఏ. ముగిసిన నాటి నుండి ఆ పదవి వరకు ఆరేడు సంవత్సరములు గడచుట సామాన్యము.

రెండవది పాఠశాల. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 16,347 ఉపాధ్యాయ పదవులకు ప్రకటన చేసినది. 2022 వేతన సవరణ ననుసరించి స్కూలు అసిస్టెంటు మూలవేతనము 44,570 రూపాయలతో మొదలగును. కాని భాషాశాస్త్ర ఎం.ఏ. ఒక్కటియే ఈ పదవికి అర్హత కాదు. తగిన డిగ్రీయు, బి.ఇడి. లేక పండిత శిక్షణయు ఉండవలెను. ఈ సంగతి ఎం.ఏ. పూర్తియైన పిమ్మట తెలిసికొని చింతించువారు కలరు.

మూడవది యంత్రానువాదము, మాట నుండి వ్రాత, వ్రాత నుండి మాట పుట్టించు సాంకేతిక రంగము. కేంద్ర ప్రభుత్వము 2022లో ప్రారంభించిన భాషిణి వంటి కార్యక్రమములు తెలుగునకును ఈ దారి తెరచినవి. అయితే ఇందు మంచి జీతము లభించునది కంప్యూటరు విద్యను కూడ చేపట్టినవారికే. భాషాశాస్త్రము మాత్రమే చదివినవారికి తరచుగా దక్కునది పదములకు గుర్తులు పెట్టు తాత్కాలికమైన పని.

ఈ రాబడికెదురుగా అప్పును నిలిపి చూడవలెను. నూటికి 10 చొప్పున వడ్డీ, పదేండ్ల గడువు అనుకొందము. ఇచ్చట ఎం.ఏ. చదువునకు 2 లక్షలు తెచ్చినచో నెలసరి వాయిదా సుమారు 2,640 రూపాయలు. విదేశ విద్యకై 20 లక్షలు తెచ్చినచో అది సుమారు 26,430 రూపాయలు; తీరునాటికి చెల్లించునది 31 లక్షలు దాటును. చదువుకాలమున పేరుకొను వడ్డీ దీనిలో చేరలేదు. మొదటి అప్పు 37,000 రూపాయల ఫెలోషిప్పుపై భారము కాదు. 8,000 రూపాయలపై మూడవవంతు తినివేయును. రెండవ అప్పు ఫెలోషిప్పులో కూడ పదివేల పైచిలుకు మాత్రమే మిగుల్చును. శాస్త్రము ఒక్కటే; ఒకనికి అది తీరు బాకీ, వేరొకనికి తీరని బాకీ.

బ్యాంకులు సాధారణముగా చదువు ముగిసిన ఏడాదికే వాయిదా మొదలుపెట్టును. ఇంజనీరింగు చదివినవానికి ఈ గడువు కొంతవరకు సరిపోవును. పరిశోధనలో ఉన్న భాషాశాస్త్ర విద్యార్థికి అది సరిపడదు. ప్రభుత్వ సహాయమునందును ఈ తేడా కలదు. 2024 నవంబరులో ఆమోదము పొందిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకమున, 8 లక్షల లోపు వార్షికాదాయము గల కుటుంబముల పిల్లలకు 10 లక్షల వరకు అప్పుపై చదువుకాలపు వడ్డీలో 3 శాతము రాయితీ కలదు. ఆదాయము నాలుగున్నర లక్షలు మించని ఇండ్ల పిల్లలకు ఆ కాలపు వడ్డీ పూర్తిగా భరించు పథకము మాత్రము సాంకేతిక, వృత్తి విద్యలకే పరిమితము. పేదవాని బిడ్డ శాస్త్రమును ఎన్నుకొన్నచో వడ్డీ తానే మోయవలెను.

మరియొక లోపము సమాచార లోపము. అమెరికా విద్యాశాఖ 2015 నుండి కళాశాలల వారీగా పట్టభద్రుల ఆదాయమును, అప్పును ప్రకటించుచున్నది. తరువాత విద్యాశాఖల వారీగా కూడ చూపుచున్నది. మన జాతీయ ర్యాంకుల కొరకు సంస్థలు తెలుపునది ఉద్యోగము దొరకినవారి మధ్యస్థ వేతనము. దొరకనివారు ఆ సంఖ్యలో కనబడరు. ఆస్ట్రేలియా 1989లోనే ఆదాయము ఒక మట్టము దాటిన పిదప మాత్రమే రుసుము బాకీ వసూలు చేయు పద్ధతి నెలకొల్పినది. నెమ్మదిగా ఫలించు విద్యలకు తగినది ఆ పద్ధతియే.

అట్టి ఏర్పాటు వచ్చువరకు ఉపాధ్యాయుని బాధ్యత పెద్దది. భాషపై మక్కువ గల పిల్లవానిని వెనుకకు లాగుట తగదు. లెక్క చూపకుండ ముందుకు నెట్టుటయు తగదు. ప్రభుత్వ విశ్వవిద్యాలయమున చేరుట, అప్పును జీవన వ్యయమునకే పరిమితము చేయుట, అర్హతా పరీక్షకు ఎం.ఏ. కాలముననే సిద్ధపడుట, బి.ఇడి.యో, కంప్యూటరు విద్యయో జత చేసికొనుట అను నాలుగు మాటలు ముందే చెప్పవలెను. పరిశోధన సాగించువారు వాయిదా గడువును గూర్చి బ్యాంకుతో సంతకమునకు ముందే మాటాడుట మేలు.

ఈ శాస్త్రపు ఫలమంతయు జీతపు కాగితమున కనబడదు. కృష్ణమూర్తి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశపు తొలి సంపుటము రైతుల నోటి మాటలను గ్రంథమునకెక్కించినది. కొల్లేట చేపల చెరువులు పెరిగిన కొలది దోనె నడపువారి, వల విసరువారి మాటలు తరిగిపోవుచున్నవి. వానిని వ్రాసి నిలుపువాడు కావలెను. ఆ పని వలన లాభము సమాజమంతటిది. దానికైన బాకీని ఒక చిన్న రైతు బిడ్డ ఒక్కడే తీర్చవలెననుట న్యాయము కాదు.