డాబా మీది రేడియోకు చోటేది?

ఫిక్స్‌డ్ వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్‌పై ప్రశ్న రాగానే 2023లో వచ్చిన జియో, ఎయిర్‌టెల్ ఎయిర్‌ఫైబర్ సేవల పేర్లు రాసి, ‘డిజిటల్ అంతరాన్ని తగ్గిస్తుంది’ అని ముగిస్తున్నారా? జీఎస్ పేపర్-3లో ఆ వాక్యం అందరూ రాస్తారు. మీరు డాబా మీద బిగించే ఆ రేడియో పెట్టె దగ్గర మొదలుపెట్టండి.

భారత్‌నెట్ ఫైబర్ గ్రామ పంచాయతీ దాకా వస్తుంది. అక్కడి నుంచి మూడు కిలోమీటర్ల అవతలి తండాకు కందకం తవ్వి కేబుల్ వేయాలంటే ఖర్చు, అనుమతులు, ఆలస్యం. రెండు స్తంభాలపై ఎదురెదురుగా రెండు డిష్ యాంటెన్నాలు బిగిస్తే అదే దూరం రేడియోతో దాటొచ్చు. అయితే అవి ఒకదానికొకటి కనబడాలి. కోనసీమ కొబ్బరి తోటల్లోనైతే స్తంభం ఎత్తు పెంచక తప్పదు!

2018 అక్టోబరులో కేంద్రం 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 605 మెగాహెర్ట్జ్‌ను లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది, ఆరుబయట కూడా. స్పెక్ట్రమ్ వేలంలో పాల్గొనలేని చిన్న ఆపరేటర్లకు అదే ఆధారం. కానీ లైసెన్సు లేని చోట రక్షణా ఉండదు. పక్క డాబా రేడియో అడ్డుపడితే సర్దుకుపోవాల్సిందే.

అందుకే 6 గిగాహెర్ట్జ్‌పై ఆశ. 2025 మే నాటి ముసాయిదా నిబంధనలు 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్సు మినహాయింపు ప్రతిపాదించాయి. కానీ ఆరుబయట గరిష్ఠ శక్తి 25 మిల్లీవాట్లే. పక్కపక్కనున్న పరికరాలకు అది చాలు, తండాకు చాలదు. ఈ జాగ్రత్తకు కారణం ఉంది: ఉపగ్రహాలకు సిగ్నల్ పంపేదీ, టవర్ల మైక్రోవేవ్ లింకులు నడిచేదీ ఈ బ్యాండ్‌లోనే.

అమెరికాలో ఎఫ్‌సీసీ 2020లో వేరే దారి పట్టింది. రేడియో తానున్న చోటును ఒక డేటాబేస్‌కు తెలిపి, అక్కడ ఖాళీగా ఉన్న ఛానల్ అడిగి తీసుకున్నాకే 4 వాట్ల వరకు ప్రసారం చేయాలి. పైకి, ఆకాశం వైపు వెళ్లే శక్తికి విడిగా పరిమితి పెట్టారు. మన గ్రామాల్లోనూ దీన్ని పరీక్షించి చూడాలన్నది నా అభిప్రాయం. ఉన్న మైక్రోవేవ్ లింకుల కచ్చితమైన జాబితా లేకుండా ఆ పద్ధతి నడవదు కాబట్టి, పని మొదలుపెట్టాల్సింది అక్కడే. మీ ‘ముందున్న మార్గం’ పేరాలో ‘అవగాహన పెంచాలి’ బదులు ఇది రాసి చూడండి.