లెక్కపెట్టని మందలో ఎవరు తప్పిపోయారో తెలియదు

యానాంలో 18 ఏళ్లలోపు పిల్లవాడిని పోలీసులు పట్టుకుంటే ఆ కబురు సాయంత్రానికల్లా ఊరంతా పాకుతుంది. రెండేళ్ల తర్వాత అతను బడిలో ఉన్నాడా, పనిలో కుదిరాడా, మళ్లీ పోలీస్ స్టేషన్‌కే వెళ్లాడా అని అడిగేవాళ్లు మాత్రం అరుదు. ఈ రెండో ప్రశ్నను మన సంఘాలు, ముఖ్యంగా మన యువత అడగాలన్నదే మా మాట.

చట్టం చెడ్డది కాదు. 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉన్న 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం పిల్లలను లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదంటుంది. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉన్న బోర్డు వారి సంగతి చూస్తుంది. ఆ బోర్డు పిల్లవాడిని మందలించి ఇంటికి పంపవచ్చు, కౌన్సెలింగ్ ఇప్పించవచ్చు, సమాజ సేవ చేయమనవచ్చు, ప్రొబేషన్ మీద తల్లిదండ్రులకు అప్పగించవచ్చు. హోంకు పంపడం ఆఖరి మార్గం కావాలి. 16 దాటినవారి ఘోర నేరాలకు మాత్రం వేరే దారి ఉంది. పెద్దల విషయంలోనూ 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కొన్ని చిన్న నేరాలకు సమాజ సేవను శిక్షగా చేర్చింది.

ఉద్దేశం మంచిదే. ఫలితం కూడా మంచిదేనా? ఇది అడగగానే మనలో కొందరు నొచ్చుకుంటారు. మంచి పని చేస్తుంటే పరీక్షలెందుకు అంటారు. ఎందుకో చెప్పే అనుభవం ఒకటుంది. అమెరికాలో బోస్టన్ పక్కనున్న కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ పట్టణాల్లో 1939లో 506 మంది అబ్బాయిలను తీసుకుని, సగం మందికి ఏళ్ల తరబడి సాయం చేశారు. ఇంటికొచ్చి పలకరించే సలహాదారు, చదువులో తోడు, వైద్యం, వేసవి శిబిరాలు అన్నీ ఇచ్చారు. మిగతా సగాన్ని వారి మానాన వదిలేశారు. 30 ఏళ్ల తర్వాత జోన్ మెక్‌కార్డ్ అనే పరిశోధకురాలు వారిని వెతికి చూసింది. సాయం పొందినవారిలో చాలామంది తమకు మేలే జరిగిందన్నారు. కానీ రెండు జట్లనూ పోల్చి చూస్తే సాయం పొందినవారే కొన్ని విషయాల్లో ఎక్కువ దెబ్బతిన్నారని 1978లో ఆమె ప్రకటించింది. పిల్లలకు జైలు చూపించి భయపెడితే బుద్ధి వస్తుందన్న అమెరికా పథకాలదీ అదే కథ. అక్కడికి వెళ్లొచ్చిన పిల్లలే వెళ్లనివారికన్నా ఎక్కువ నేరాల్లో పడ్డారని ఆ తర్వాతి పరీక్షలు తేల్చాయి.

మన కూటాల్లో మారిన కుర్రాడు మైకు పట్టుకుని సాక్ష్యం చెబుతాడు. మనం సంతోషిస్తాం, అది సహజమే. అయితే మారనివాడు మైకు దగ్గరికి రాడు. వాడి సంగతి లెక్కలో మాత్రమే కనిపిస్తుంది. తొంభై తొమ్మిదింటిని విడిచి ఒక్కదాని కోసం వెళ్లిన కాపరి కథ మనకు కంఠతా వచ్చు. ఆయన ముందు లెక్కపెట్టాడు, అందుకే ఒకటి తక్కువైందని తెలిసింది.

యానాం చిన్నది. విస్తీర్ణం దాదాపు 30 చదరపు కిలోమీటర్లు, 2011 జనాభా 55,626. ఇంత చిన్న చోట కేసులు కొద్దిగానే ఉంటాయి, పరిశోధనేమిటి అనవచ్చు. నిజమే, కొద్దిమందితో శాతాలు తీస్తే అర్థం ఉండదు. కానీ కొద్దిమందే కాబట్టి ప్రతి ఒక్కరి మంచిచెడూ కనుక్కోవచ్చు. పెద్ద నగరానికి లేని వీలు ఇది.

కష్టం వేరేచోట ఉంది. 1954లో ఫ్రెంచి పాలన పోయినా యానాం పుదుచ్చేరితోనే ఉంది. రాజధాని 800 కిలోమీటర్లకు పైగా దూరం, అక్కడి భాష తమిళం, హైకోర్టు చెన్నైలో. గోదావరి వంతెన దాటి ఎదుర్లంకలో అడుగుపెడితే ఆంధ్రప్రదేశ్, వేరే బోర్డు, వేరే హైకోర్టు. యానాం కుర్రాడు అక్కడ దొరికితే రెండు ప్రభుత్వాల లెక్కల మధ్య జారిపోవడం తేలిక. విచారణ జరిపి పిల్లవాడిని సొంత ఊరికి బదిలీ చేసే వీలు చట్టంలో ఉంది. దాన్ని వాడుతున్నారా అన్నది అడగాల్సిన ప్రశ్న. మద్యం మోయడానికి పిల్లలను వాడుకునే పెద్దలకు ఏడేళ్ల వరకు కఠిన జైలు అని 78వ సెక్షన్ చెబుతోంది. పట్టుబడింది పిల్లవాడా, పంపిన పెద్దవాడా అన్నదీ లెక్కలోకి రావాలి.

బోర్డులు, హోంల పనితీరును ప్రభుత్వం స్వతంత్రంగా మూల్యాంకనం చేయించవచ్చని 55వ సెక్షన్ అంటుంది. 'చేయించవచ్చు' అంది గానీ 'చేయించాలి' అనలేదు. ఆ సందును అడిగే జనమే పూడ్చాలి. సమాచార హక్కు చట్టం కింద ఏటా నాలుగు ప్రశ్నలు చాలు. బోర్డు ముందుకు ఎంతమంది వచ్చారు? సామాజిక పరిశీలన నివేదిక 15 రోజుల్లో అందిందా? విచారణ నాలుగు నెలల్లో ముగిసిందా? హోంకు ఎందరు, ప్రొబేషన్‌కూ సమాజ సేవకూ ఎందరు? ఏడాది తర్వాత బడిలో, పనిలో ఉన్నవారెందరో కూడా చూడమని అధికారులను కోరదాం.

ఒక జాగ్రత్త. పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని 74వ సెక్షన్ నిషేధించింది. చిన్న ఊళ్లో పేరు అక్కర్లేదు, వయసూ వీధీ చెబితే చాలు, ఎవరో తెలిసిపోతుంది. కాబట్టి మనం అడగాల్సింది సంఖ్యలే, అదీ రెండు మూడేళ్లవి కలిపి. గడువు తీరాక పాత రికార్డు చెరిపేయాలన్న చట్టాన్ని మూల్యాంకనం పేరుతో కాలరాయకూడదు.

ఇక సంఘాలు చేయగలిగిందీ ఉంది. 14 దాటిన పిల్లలు పార్కుల నిర్వహణ, వృద్ధుల సేవ, ఆసుపత్రిలో సాయం వంటివి సమాజ సేవగా చేయవచ్చని నియమాలు చెబుతున్నాయి. అలాంటి పని చోట్లు మనం చూపిద్దాం. ఏ మతం, ఏ కులం అని అడగవద్దు, ఆరాధనకు రమ్మని షరతు పెట్టవద్దు. ఆ పిల్లవాడిని వేదిక ఎక్కించవద్దు. ఎందరు వచ్చారు, ఎందరు మధ్యలో మానేశారు, ఎందుకు మానేశారు అన్నది రాసుకుందాం. మానేసినవారి సంఖ్య మనకు సిగ్గుగా తోచినా దాచవద్దు. వచ్చే ఏడాది పని ఎక్కడ మార్చుకోవాలో చెప్పేది ఆ సంఖ్యే.