పేరు ఒక్కటే చాలదు, ముఖం కావాలి

2020 నవంబర్‌లో కశ్మీర్ మాచిల్ సెక్టార్‌లో చొరబాటుదారులను అడ్డుకుంటూ జవాను ర్యాడ మహేశ్ ప్రాణం వదిలాడు. ఊరు వేల్పూర్ మండలం కోమన్‌పల్లి, వయసు 26. కామారెడ్డి, ఎల్లారెడ్డి వాళ్ళకు ఆయన పరాయివాడు కాదు. 2016 అక్టోబర్‌లో కామారెడ్డి కొత్త జిల్లా అయ్యేదాకా అందరిదీ ఒకే నిజామాబాద్ జిల్లా.

జవాను శవపేటిక ఊరికి వచ్చిన రోజున మన జనం చూపించే ప్రేమలో లోటుండదు. బడిపిల్లలు రోడ్డు పొడవునా నిలబడతారు, దుకాణాలు వాటంతట అవే మూతపడతాయి, ఎరగని వాళ్ళు కూడా ఏడుస్తారు. ఆ తర్వాతి సంగతే నన్ను బాధిస్తుంది. నెల తిరిగేసరికి ఫ్లెక్సీ ఎండకు వెలిసిపోతుంది. విగ్రహం పెట్టారే అనుకోండి, దానికి యూనిఫాం ఉంటుంది, తుపాకీ ఉంటుంది, మీసం ఉంటుంది. ఆ పిల్లవాడు ఏ బడిలో చదివాడో, కబడ్డీ ఆడేవాడో క్రికెట్ ఆడేవాడో, సెలవు మీద వచ్చినప్పుడు ఎవరింట్లో ముందు అడుగుపెట్టేవాడో అది చెప్పలేదు.

ఈ విషయంలో అమెరికా చేసిన ఒక పని నుంచి మనం నేర్చుకోవలసింది ఉంది. వియత్నాంలో అది చేసిన యుద్ధాన్ని నేను సమర్థించను. కానీ పోయిన పిల్లలను గుర్తుంచుకున్న తీరు గొప్పది.

మన సైన్యంలోకి ఎవరినీ బలవంతంగా తీసుకోరు. అగ్నివీరులు కూడా ఇష్టపడి చేరేవాళ్ళే. 2022లో అలా చేరిన గోరంట్ల మండలం కల్లితండా కుర్రాడు మురళీ నాయక్, 2025 మేలో సరిహద్దులో కాల్పులకు బలయ్యాడు. వియత్నాం కాలంలో అమెరికాలో కథ వేరు. 1969 డిసెంబర్ 1న వాషింగ్టన్‌లో పెద్ద గాజుపాత్రలో 366 నీలిరంగు గొట్టాలు పోశారు. ఒక్కో దాంట్లో ఒక పుట్టినతేదీ చీటీ. టీవీల ముందు దేశమంతా చూస్తుండగా ఒక్కొక్కటే తీశారు. మొదట వచ్చింది సెప్టెంబర్ 14. 1944 నుంచి 1950 దాకా ఏ సంవత్సరమైనా సరే, ఆ తేదీన పుట్టినవాళ్ళకు మొదటి పిలుపు. తల్లి కన్న రోజే కొడుకును యుద్ధానికి పంపే లెక్క అయింది. ఆ యుద్ధంలో చనిపోయిన 58 వేల పైచిలుకు అమెరికన్లలో 17 వేలకు పైగా నిర్బంధంగా సైన్యంలో చేర్చుకున్నవాళ్ళే.

తిరిగొచ్చిన సైనికుల్లో జాన్ స్క్రగ్స్ అనే ఆయన, చనిపోయిన ప్రతి ఒక్కరి పేరూ జనానికి కనబడాలని 1979లో పట్టుబట్టాడు. ప్రజలిచ్చిన చందాలతోనే 1982లో ఆ పేర్ల గోడ లేచింది. దాన్ని రూపొందించిన మాయా లిన్, నమూనా ఎంపికైన నాటికి 21 ఏళ్ళ విద్యార్థిని. వాడిన నల్ల గ్రానైట్ మన బెంగళూరు ప్రాంతం నుంచి వెళ్ళిందే! ఆ గోడ మీద హోదా లేదు. అధికారి పేరూ మామూలు సిపాయి పేరూ ఒకే సైజు. మొత్తం పేర్లకు అక్షర క్రమం కూడా కాదు, యుద్ధంలో కూలిన తేదీల వరుస. అందుకే ఒకే పోరులో కూలిన స్నేహితులు గోడ మీద దగ్గరదగ్గరగా ఉంటారు. ఇష్టపడి వెళ్ళినవాడా, నిర్బంధంగా వెళ్ళినవాడా అన్న తేడా కూడా రాయలేదు. వచ్చిన తల్లులు, చెల్లెళ్ళు పేరు మీద కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్ది, ఆ అచ్చును ఇంటికి తీసుకుపోతారు.

అసలు పాఠం ఆ తర్వాతిది. పేర్లతో సరిపెట్టుకోకుండా, ప్రతి పేరుకూ ఒక ఫొటో వెతకాలని ఆ గోడను కట్టించిన సంస్థ పూనుకుంది. స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్ళు పాత బడి పుస్తకాలు తిరగేశారు, ఊరి పత్రికల కట్టలు విప్పారు, దూరపు చుట్టాల తలుపులు తట్టారు. ఏళ్ళ తరబడి సాగిన ఆ పని 2022లో పూర్తయింది. ఇప్పుడు గోడ మీది ప్రతి పేరుకూ కనీసం ఒక ఫొటో ఉంది. మసకగా ఉన్నవాటి బదులు మంచివి దొరుకుతాయేమోనని ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

మన వైపు చూస్తే, మొదటి ప్రపంచయుద్ధంలో మెసపొటేమియాలో చనిపోయిన బ్రిటిష్, భారతీయ సైనికుల కోసం బస్రాలో పెద్ద స్మారకం కట్టారు. భారతీయ అధికారుల పేర్లు చెక్కి, 33 వేలకు పైగా భారతీయ సిపాయిలను ఒక్కో పటాలానికి ఇంతమంది అని అంకెలుగా వదిలేశారు. మన పల్లెల్లో ఆనాటి పాలకులు పెట్టిన పలకల మీద కూడా ఈ ఊరి నుంచి ఇందరు వెళ్ళారు, ఇందరు చనిపోయారు అన్న లెక్కే తప్ప పేర్లుండవు. అది పరాయి పాలన చేసిన అవమానం. స్వతంత్ర భారతం అలా చేయలేదు. 2019 ఫిబ్రవరిలో ఢిల్లీలో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో స్వాతంత్ర్యం తర్వాత ప్రాణాలిచ్చిన వాళ్ళ పేర్లు రాతి ఇటుకల మీద ఉన్నాయి. అయితే ఎల్లారెడ్డి నుంచి ఢిల్లీ ఎంత దూరం! ముసలితల్లి అక్కడిదాకా ఎప్పుడు పోయేను?

ఫొటోలు వెతికే పనికి గ్రానైట్ అక్కర్లేదు, కోట్లు అక్కర్లేదు. పాత నిజామాబాద్ జిల్లా ఊళ్ళ నుంచి వెళ్ళి తిరిగిరాని ప్రతి జవానుకూ ఒక పేజీ చాలు. ఫొటో, ఊరు, తల్లిదండ్రులు, చదివిన బడి, చేరిన రెజిమెంటు, చనిపోయిన చోటు, తేదీ, స్నేహితులు చెప్పిన నాలుగు మాటలు. బడి అడ్మిషన్ రిజిస్టర్‌లో కొంత దొరుకుతుంది, సైనిక సంక్షేమ కార్యాలయంలో కొంత, రిటైరైన జవాన్ల దగ్గర చాలా దొరుకుతుంది. కామారెడ్డి, ఎల్లారెడ్డి కాలేజీల్లో చరిత్ర చెప్పే అధ్యాపకులు తలుచుకుంటే, విద్యార్థులు సెలవుల్లో చేయగల పని ఇది.

ఆలస్యం మాత్రం పనికిరాదు. 1971 యుద్ధానికి ఇరవై ఏళ్ళున్నవాడు బతికి ఉంటే ఇప్పుడు డెబ్బై దాటేవాడు. అతన్ని ఎత్తుకు పెంచిన అక్కలు, కలిసి బర్రెలు కాసిన దోస్తులు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. మీ ఇంట్లోనో మీ వాడకట్టులోనో అలాంటి జవాను ఫొటో గోడకు ఉంటే, ఈ వారమే దించి ఫోన్‌లో ఒక కాపీ తీయండి. ఫొటో వెనక అతని పేరు, ఊరు, తెలిసినంతలో చనిపోయిన తేదీ రాసి మళ్ళీ తగిలించండి. తేదీ తెలియకపోతే ఊళ్ళో పెద్దవాళ్ళను ఇవాళే అడగండి.